చెయ్యి చాపి కూర్చున్న పెద్దాయన

పోయిన నెల తిరుపతిలో ఒక ఆసుపత్రికి వెళ్లాను. నా కోసమే. నాలుగు రోజులుగా తల తిరుగుతుంటే వెళ్లక తప్పలేదు. చీటీ రాసే అమ్మాయి "తోడు ఎవరొచ్చారు?" అని అడిగింది. ఎవరూ రాలేదన్నాను. లోపల ఒక నర్సు, ఇరవై మూడు ఇరవై నాలుగేళ్లుంటాయేమో, నా చేతికి బీపీ పట్టీ చుడుతూ ముఖం వైపు చూడకుండానే అంది: "వదులుగా పెట్టండమ్మా. చెయ్యి బిగబడితే మిషను అబద్ధం చెప్తాది."

నేను తలెత్తి ఆమెను చూశాను. ఆ మాట ఎవరిదో నాకు తెలుసు. ఎవరు నేర్పారమ్మా అని అడిగాను. "మా సీనియర్లు అనేవాళ్లు. కాలేజీలో అందరం అంటాం" అంది. వడమాలపేట దగ్గరున్న వృద్ధాశ్రమానికి ఎప్పుడైనా వచ్చావా అంటే, వాళ్ల బ్యాచీని వేరే చోటికి పంపారని చెప్పింది. ఆ మాట మొదట అన్న మనిషి ఎవరో ఆమెకు తెలియదు. చెబుదామనుకున్నాను గాని, నా వెనక చాలామంది నిలబడి ఉన్నారు.

ఆ ఆశ్రమంలో నేను పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను. పుత్తూరు రోడ్డు మీద దిగి లోపలికి రెండు కిలోమీటర్లు రావాలి. యాభై అరవై మంది పెద్దవాళ్లు ఉంటారు. వాళ్ల మందులు, భోజనాలు, పించను కాగితాలు చూడటం ఒక ఎత్తు, మా దగ్గరికి వచ్చే విద్యార్థులను చూసుకోవడం ఒక ఎత్తు. నర్సింగు పిల్లలు పదిహేను రోజులకని వస్తారు. సోషల్ వర్కు చదివే వాళ్లు నెల రోజులకని ప్రశ్నల పుస్తకాలతో వస్తారు. మొదటి రోజు అందరినీ వరండాలో కూర్చోబెట్టి నేను చెప్పేవి ఎప్పుడూ ఒకటే. చెప్పులు బయట వదలండి. చక్కెర జబ్బున్న వాళ్లకు మిఠాయిలు పెట్టకండి. మళ్లీ వస్తామని ఎవరికీ మాట ఇవ్వకండి.

ఆ మాట అన్న పెద్దాయనకు మా దగ్గరికి వచ్చినప్పుడు డెబ్బై నాలుగేళ్లు. కార్వేటినగరంలో నలభై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషి. పిల్లలు లేరు. భార్య పోయాక తమ్ముడి ఇంట్లో ఉన్నాడు. వాళ్లు మంచివాళ్లే, పండగలకు వచ్చి చూసిపోయేవాళ్లు. మరి ఇక్కడికి ఎందుకొచ్చారని చేరిన రోజు అడిగితే, "ఆడ చోటుండాదమ్మా, నాకు పని లేదు" అన్నాడు. చూపు తగ్గి మిషను తొక్కడం మానేశాడు గాని, చేతికుట్టు మాత్రం వదల్లేదు. తలగడ గలీబులు, లుంగీలు, ఎవరి గుండీ ఊడినా ఆయన దగ్గరికే వెళ్లేవి. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎవరితోనూ పెద్దగా కలిసేవాడు కాదు. టీవీ గదికి వెళ్లేవాడు కాదు. భోజనం అయ్యాక పళ్లెం కడిగి బోర్లించి, గోడ వైపు తిరిగి పడుకునేవాడు. రోజంతా ఆయన నోటి నుంచి పది మాటలు వస్తే ఎక్కువ.

నర్సింగు పిల్లలు వచ్చే పదిహేను రోజులు మాత్రం ఆయన వేరే మనిషి.

పొద్దున ఎనిమిదిన్నరకే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, వరండాలో సిమెంటు బల్ల మీద కూర్చునేవాడు. చొక్కా ఎడమ చెయ్యి భుజం దాకా మడిచి, అరచెయ్యి పైకి పెట్టి, ఆ చేతిని మోకాలి మీద చాపుకునేవాడు. కాలేజీ బస్సు వచ్చేది తొమ్మిదిన్నరకు. ఆ గంటసేపు ఆయన అలాగే ఉండేవాడు. ఒకసారి పళ్లు పంచడానికి వచ్చిన ఎవరో పెద్దమనిషి, పాపం అడుక్కుంటున్నాడనుకుని, ఆ చేతిలో అరటిపండు పెట్టి వెళ్లాడు. ఆయన ఆ పండును అలాగే పట్టుకుని నా వైపు చూశాడు. "బీపీ సూడడా అమ్మా ఈయప్ప?" అన్నాడు.

సంగతేమంటే, మొదటిసారి బీపీ చూడటం నేర్చుకునే పిల్లలకు ఏదీ ఒక పట్టాన కుదరదు. పట్టీ ఎక్కడ కట్టాలో తెలియదు, గాలి ఎంత కొట్టాలో తెలియదు, చెవిలో గొట్టాలు పెట్టుకున్నా ఏదీ వినపడదు. మా వాళ్లలో చాలామంది రెండోసారికే విసుక్కునేవాళ్లు. "యింకొకరి కాడికి పో తల్లీ" అనేవాళ్లు. ఈయన మాత్రం ఎన్నిసార్లయినా చెయ్యి వెనక్కి తీసేవాడు కాదు. నాలుగైదు బ్యాచీలు అయ్యేసరికి పని ఆయనకే ఎక్కువ తెలిసింది. "రెండు వేళ్ల పైన కట్టాల పాపా. ఆ మడత మీద కాదు." "గాలి అంత బిరీన వదలబాక. రవంత రవంత." "నేను గూడా చెయ్యి బిగించకూడదు. బిగబడితే మిషను అబద్ధం చెప్తాది." పిల్లలు ఆయన్ని టైలర్ తాత అనేవాళ్లు. వాళ్ల మేడమ్ చెప్పినదాని కంటే ఈయన చెప్పిందే బాగా అర్థమవుతుందని నా దగ్గర గుసగుసగా అన్నవాళ్లున్నారు.

ఒక అమ్మాయి బాగా గుర్తుంది. పులికాట్ ఒడ్డున ఏదో పల్లె. తండ్రి పడవ మీద రొయ్యలకు వెళ్లే మనిషని చెప్పింది. మూడు రోజులైనా ఆ పిల్లకు చెవిలో ఏమీ వినపడలేదు. అడిగితే మేడమ్ తిడుతుందని భయం. నాలుగో రోజు ఆయన చేతికి పట్టీ కట్టి, గాలి కొట్టి, వదిలి, పుస్తకంలో నూట ఇరవై బై ఎనభై అని రాసేసింది. పక్కనే మందుల డబ్బాలు సర్దుతున్న నాకు అది కనపడింది. నేనేదో అనబోయేలోపే ఆయన అడిగాడు.

"ఎంత రాసినావు పాపా?"

"నూటిరవై, ఎనభై తాతా. నార్మలే."

"నాకు ఆ లెక్క పోయి శానా ఏండ్లయింది. ఇనపడిందా నీకు?"

ఆ పిల్ల తల వంచుకుంది.

"మళ్లా కట్టు" అన్నాడు.

మళ్లీ కట్టింది. మళ్లీ. పక్కపిల్లలు వేరే వాళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. ఆయన కళ్లు మూసుకుని కూర్చున్నాడు. చెయ్యి ఎర్రబడింది. ఆరోసారో ఏడోసారో ఆ పిల్ల ఊపిరి బిగపట్టింది.

"తాతా, ఇనపడతా ఉండాది."

"ఏమని?"

"టక్ టక్ అని."

"అది నేనే" అన్నాడాయన.

ఆ పిల్ల నవ్వింది, కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయన కళ్లు తెరవలేదు. "ఇంగొగ తూరి ఇను. మర్చిపోతావు" అన్నాడు.

పదిహేనో రోజున పిల్లలు పాటలు పాడతారు, గుంపుగా ఫోటోలు దిగుతారు, సగంమంది ఏడుస్తారు. ఆయన ఫోటోలోకి వచ్చేవాడు కాదు. మధ్యాహ్నం మూడింటికే మడత విప్పి, చొక్కా చెయ్యి కిందికి లాక్కుని, గుండీ పెట్టుకుని, వెళ్లి పడుకునేవాడు. బస్సు కదిలేటప్పుడు "టైలర్ తాతా" అని కిటికీల్లోంచి పిల్లలు అరుస్తుంటే, లోపల మంచం మీద ఆయన వీపు కనిపించేది. బస్సు వెళ్లాక ఆశ్రమం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. రేణిగుంట వైపు పోయే రైలు చప్పుడు ఆ రోజే ఎక్కువగా వినిపిస్తుంది.

ఇంతవరకు చెప్పిందంతా ఆయన గురించి. ఇక నేను చేసిన పని చెప్పాలి.

ఆయన వచ్చిన మూడో ఏడు, తిరుపతిలో రెండు రోజుల శిక్షణకు వెళ్లాను. పెద్దవాళ్ల గౌరవం గురించి, వాళ్ల అనుమతి లేకుండా ఏదీ చేయకూడదని, విద్యార్థుల నేర్పు కోసం వాళ్ల శరీరాలను వాడుకోకూడదని చెప్పారు. చెప్పినవన్నీ నిజమే. నాకు ఆయన చెయ్యి గుర్తొచ్చింది. అంతకు ముందు బ్యాచీ వెళ్లాక ఆ చేతి మీద నీలిమచ్చలు చూశాను. సిగ్గనిపించింది. తిరిగి వచ్చి రెండు రోజులు కూర్చుని ఒక కాగితం రాశాను. నాలుగో అంశం ఇది: విద్యార్థులు నేర్చుకోవడం కోసం నివాసులకు బీపీ, సూదులు, కట్లు వంటివి చేయరాదు. మా స్టాఫ్ నర్సు చేస్తుంటే దూరం నుంచి చూడవచ్చు. కార్యదర్శి గారు చదివి బాగుందన్నారు. చెక్క పలకకు అంటించి వరండాలో తగిలించాం. నేను దాన్ని దాటి వెళ్లినప్పుడల్లా ఒకసారి చూసుకునేదాన్ని. మంచి పని చేశానన్న తృప్తి ఉండేది.

తరువాతి బ్యాచీ వచ్చింది. ఆయన ఎప్పటిలాగే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పిల్లలకు కాగితం చదివి వినిపించాను. వాళ్లు తలూపి, పుస్తకాలు పట్టుకుని మా నర్సు వెనక తిరిగారు. ఆయన ముందు నుంచి నడిచి వెళ్లారు, నమస్తే తాతా అన్నారు. ఆయన చెయ్యి అలాగే ఉంది. పన్నెండింటికి భోజనం గంట కొట్టినప్పుడు లేచాడు. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే.

నాలుగో రోజు నా గదికి వచ్చాడు. అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, నా చేతికేమన్నా రోగముండాదా?"

"ఏంటి పెద్దాయనా, ఎవరన్నారు?"

"ఎవురూ అనలేదు. పిల్లోళ్లు నా కాడికి రాలేదే. అంటుకునేది ఏమన్నా ఉండాదేమో, నాకు చెప్పకుండా ఉండారేమో అని."

నేను నాలుగో అంశం చెప్పాను. నీలిమచ్చల గురించి చెప్పాను. "మీ మంచికే రాశాను. మీ చెయ్యేమన్నా ఆట బొమ్మా, వచ్చిన ప్రతివాళ్లూ తిప్పి తిప్పి చూడటానికి?" అన్నాను.

ఆయన నా బల్ల అంచు మీద చెయ్యి ఆనించాడు.

"బొమ్మనైతే ముట్టుకుంటారు గదమ్మా" అన్నాడు.

ఆయనే మళ్లీ అన్నాడు. ఫిర్యాదులా కాదు, కొలతలు చెబుతున్నట్టు మామూలుగా. "మా ఆడమనిషి పోయి పదకొండేండ్లయింది. క్షవరం చేసే ఆయప్ప నెలకొగ తూరి వస్తాడు, గడ్డం పట్టుకుంటాడు. ఇంగ ఎవురూ లేరు. దుకాణంలో ఉన్నంత కాలం నేను ఊరందరి భుజాలూ పట్టుకుని కొలిచినా. అప్పుడు తెలీలేదు."

సూదులతో గట్టిపడిన ఆయన వేళ్లు నా బల్ల అంచు మీద ఉన్నాయి. నా చెయ్యి ఆ పక్కనే రిజిస్టరు మీద ఉంది. అడుగు దూరం కూడా లేదు. ఆ వేళ్ల మీద నా చెయ్యి పెట్టి ఉంటే సరిపోయేదేమో. నేను ఆడదాన్ని, ఆయన మగవాడు, తలుపు తీసి ఉంది, స్టాఫు అటూ ఇటూ తిరుగుతున్నారు. ఇవన్నీ ఆ రోజు నేను ఆలోచించానని కూడా చెప్పలేను. అలా చేయవచ్చని నాకు తట్టనే లేదు. "కమిటీలో మాట్లాడి చూస్తాను పెద్దాయనా" అన్నాను. ఆయన "అట్లనేమ్మా" అని వెళ్లిపోయాడు. మిగిలిన పదకొండు రోజులూ బల్ల మీదికి రాలేదు.

కమిటీ సమావేశానికి రెండు నెలలు పట్టింది. అడిగి, పోరి, నాలుగో అంశం మార్పించాను. ఎవరైనా తమంతట తాము ఇష్టపడి సంతకం పెడితే, రోజుకు ఇద్దరు విద్యార్థులకు మించకుండా బీపీ చూడవచ్చు. అంగీకార పత్రం టైపు చేయించి మొదట ఆయనకే ఇచ్చాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివించుకుని, పొడి అక్షరాలతో సంతకం పెట్టాడు.

"ఎప్పుడొస్తారమ్మా?"

అప్పుడు వచ్చింది సోషల్ వర్కు పిల్లలు. వాళ్లు ఆయన్ని అడగాల్సినవన్నీ అడిగి రాసుకుని వెళ్లారు. నర్సింగు పిల్లలు రావడానికి వాళ్ల పరీక్షలు అయిపోవాలి. వారానికొకసారి అడిగేవాడు. నలభై దినాలంటే వేళ్లు ముడిచేవాడు, ముప్పై దినాలంటే తలూపేవాడు.

వచ్చారు. ఆయన తొమ్మిదికి ముందే బల్ల మీద ఉన్నాడు. ఆ రోజు వంతు వచ్చిన అమ్మాయి చురుకైనది. సంచిలోంచి చిన్న తెల్లని డబ్బా తీసి, పట్టీ చుట్టి, మీట నొక్కి, లేచి నిలబడింది. డబ్బా దానంతటదే బుస్సుమని గాలి ఎక్కించుకుంది, దించుకుంది, కీచుమని అరిచింది. ఆ పిల్ల అంకెలు చూసి రాసుకుంది.

"అయిపోయిందా పాపా?" అన్నాడు.

"అయిపోయింది తాతా. నూట నలభై రెండు, ఎనభై ఆరు."

"నువ్వు ఇనలేదే."

"మిషనే వింటుంది తాతా. మనం వినే పని లేదు."

రెండో పిల్లా అంతే, ఇద్దరికీ కలిపి మూడు నిమిషాలు పట్టలేదు. పదింటికల్లా బల్ల మీద ఆయన ఒక్కడే ఉన్నాడు. చెయ్యి దించలేదు. నేను వరండా దాటుతుంటే పిలిచి, నవ్వుతూనే అన్నాడు. "శానా మంచి మిషనమ్మా. ఏం నొప్పి లేదు."

ఆ సాయంత్రం కాలేజీ మేడమ్‌కు ఫోన్ చేశాను. చెవితో వినే పాత మిషన్లు ఉంటే పంపమన్నాను. ఎందుకని ఆమె అడిగితే అసలు సంగతి చెప్పలేక, పిల్లలకు పరీక్షలో పనికొస్తుందన్నాను. ఆమె ఒకటి పంపింది. చివరి నాలుగు రోజులు పిల్లలు దానితో కుస్తీ పట్టారు. ఆయన మళ్లీ "రెండు వేళ్ల పైన" అన్నాడు, "రవంత రవంత" అన్నాడు. ఆఖరి రోజు ఒక అమ్మాయి ఆయన చెయ్యి తన ఒడిలో పెట్టుకుని వింటుండగానే ఆయన నిద్రపోయాడు. ఆ పిల్ల లేవాలో వద్దో తెలియక నా వైపు చూసింది. ఉండమని సైగ చేశాను. బస్సు డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. వెళ్లి ఇంకో పది నిమిషాలు ఆగమని బతిమాలాను. ఆ రోజు మాత్రం ఆయన బస్సు వెళ్లడం చూశాడు. గేటు దాకా వచ్చి నిలబడ్డాడు. "మళ్లా ఎప్పుడు?" అని అడిగాడు. దసరా దాటాక అన్నాను.

ఆయన పోయింది దసరాకు ఇరవై రోజుల ముందు. అప్పుడు ఏ బ్యాచీ లేదు. పొద్దున కాఫీ ఇవ్వడానికి వెళ్లిన మునిరత్నం, మగవాళ్ల వార్డు చూసుకునే అతను, పరుగున వచ్చి నన్ను పిలిచాడు. గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి అలాగే ఉన్నాడు. డాక్టరు వచ్చి చూసి వెళ్లాడు. తమ్ముడి కొడుకులకు ఫోన్ చేశాం. కార్వేటినగరం నుంచి బండి వచ్చేలోపు మంచి చొక్కా వేద్దామని మునిరత్నం ట్రంకు పెట్టె తెరిచాడు. పైనే కొత్త చొక్కా ఉంది. రెండు వారాల కిందట ఒక కుటుంబం తమ పాప పుట్టినరోజని మగవాళ్లందరికీ ఇచ్చిన రెడీమేడ్ చొక్కా. ఆయన ఇంకా వేసుకోలేదు.

"మేడమ్, ఈ చెయ్యి రవంత పట్టుకోండి. నేను ఆ పక్క నుంచి ఎక్కిస్తా" అన్నాడు మునిరత్నం.

పట్టుకున్నాను. ఎడమ చెయ్యి. నాలుగేళ్లలో అదే మొదటిసారి. చల్లగా ఉంది, అనుకున్న దాని కంటే బరువుగా ఉంది.

కుడి వైపు ఇరుకై మునిరత్నం అవస్థ పడ్డాడు. ఎడమ వైపు మాత్రం చొక్కా అలా జారి భుజం దాకా వెళ్లిపోయింది. "ఇదేంది మేడమ్, ఒగ చెయ్యి ఇంత వెడల్పుండాది?" అన్నాడు. వంగి చూశాను. చంక నుంచి ముంజేతి దాకా కుట్టు విప్పి, లోపల అదే రంగు గుడ్డ అతుకు వేసి, చేతికుట్టుతో సన్నగా మళ్లీ కుట్టి ఉంది. మిగతా చొక్కాలు బయటికి తీయించాను. నాలుగున్నాయి. పాతవి, వెలిసినవి. నాలుగింటికీ అంతే. చొక్కా చెయ్యి పైకి మడిస్తే అక్కడ బిగుసుకుని బీపీ లెక్క తప్పుతుందని ఏ పిల్ల ఎప్పుడు చెప్పిందో.

కొత్త చొక్కా ఆ పిల్లలు చూసింది కాదు. వాళ్లు వెళ్లిపోయాక వచ్చింది. ఆ చూపుతో, చేతికుట్టుతో, దానికి ఎన్ని రోజులు పట్టి ఉంటుందో నాకు తెలియదు.

"చాలు మేడమ్, ఇంగ వదలండి" అన్నాడు మునిరత్నం. గుండీలు పెట్టాలి కదా. వదిలాను.